ధర లేని చెత్తే వీధిలో మిగులుతుంది

అపోహ: “జనానికి అవగాహన లేదు.”

టెక్కలి, పలాస వైపు ప్లాస్టిక్ మీద ఏ సభ పెట్టినా మైకులో మొదట వినిపించే మాట ఇది. నన్నడిగితే అపోహలన్నిట్లోకీ పెద్దది ఇదే. నౌపడలో పాత సామాన్ల బండి వీధి మలుపు తిరిగి “ప్లాస్టిక్ సామాన్లకి ఉల్లిపాయలూ” అని కేకేసినప్పుడు చూడాలి. విరిగిన బకెట్, సొట్టపోయిన క్యాను, అట్టపెట్టెలు, నీళ్ల సీసాలు, కడిగి ఆరేసిన పాల కవర్లు, ఇంటికో మూట బయటికొస్తుంది. ఏది తీసుకుంటాడో, ఏది తూకానికి రాదో, బేరం ఎక్కడ బిగించాలో ఇల్లాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. చెత్తను వేరుచేయడమంటే ఇదే గదా!

బండివాడు ముట్టనివి కొన్నున్నాయి. షాంపూ ప్యాకెట్, చిప్స్ ప్యాకెట్, బిస్కెట్ రేపరు. పలుచని ప్లాస్టిక్ పొరలను, చాలాసార్లు అల్యూమినియం పూతతో సహా, ఒకదానికొకటి అతికించి చేస్తారు వాటిని. మళ్లీ విడదీయడం కష్టం, ఖర్చు. సంచెడు పోగేసినా బరువు తూగవు. ఇక అవి చేరేది కాలువకే. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు వీటిని వెనక్కి సేకరించే బాధ్యత కంపెనీల మీద పెట్టాయి. ఆ సంగతి మైకులో ఎవరూ ఎత్తరు. తిట్లు మాత్రం ఇల్లాలికి.

చేతికి డబ్బు తిరిగొస్తుందంటే ఎవరూ పారేయరు. గోలీ సోడా తాగినవాళ్లు ఖాళీ సీసా కొట్టువాడి చేతిలో పెట్టాకే కదిలేవారు. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపి గాజు సీసాలు తెచ్చినప్పుడు, ఖాళీది తిరిగిస్తే డిపాజిట్ వెనక్కిచ్చే పద్ధతి పెట్టారు. తమిళనాడులోని నీలగిరి జిల్లాలో 2022 నుంచి మద్యం సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చినవాళ్లకు ఆ పదీ తిరిగిస్తున్నారు. అడవిలో గాజుపెంకులు జంతువుల కాళ్లకు గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు పట్టుబట్టబట్టి అది జరిగింది. తాగినవాళ్లకే సాధ్యమైంది మనకెందుకు కాదు?

అపోహ: “ఇడదీసి ఇత్తే ఏటి? బండోడు అంతా కలిపేత్తాడు.”

దీన్ని పూర్తిగా అపోహ అనలేను. అరలు లేని బండి గుమ్మం ముందు ఆగితే ఆ కోపం న్యాయమైనదే. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి, హానికర చెత్తను వేరుచేసే పని ఇంటివాళ్లకు అప్పగిస్తూ, విడిగా సేకరించే పని స్థానిక సంస్థకు అప్పగించాయి. ఒకరు తప్పితే రెండోవాళ్లూ మానేస్తారు. అయితే పెరడున్న ఇంటికి ఒక దారుంది. తడి చెత్తను కొబ్బరి మొదట్లో గొయ్యి తీసి అక్కడే కప్పెట్టేస్తే, బండికి వెళ్లేది పొడిదే. కలపడానికేమీ ఉండదు. పులుసు అంటిన అట్టపెట్టెను ఎవరూ కొనరు గనక ఆ మేరకు ధరా దక్కుతుంది.

అపోహ: “ప్లాస్టిక్ నిషేధించారు కదా.”

2022 జులై 1 నుంచి నిషేధించినవి కొన్ని వస్తువులే: ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మాకోల్ వగైరా. ఆ ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్లకన్నా పలుచని చేతిసంచులూ కూడదన్నారు. షాంపూ ప్యాకెట్, నీళ్ల సీసా ఆ జాబితాలో లేవు.

అపోహ: “అడుగున త్రికోణం గుర్తుంటే మళ్లీ పనికొస్తుంది.”

అందులోని అంకె ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుంది, అంతే. 1, 2 అంకెల సీసాలు, డబ్బాలు కొనేవాళ్లున్నారు. 7 చాలావరకు మిశ్రమాలది. 2015 వరకు ప్రపంచంలో పోగుపడ్డ ప్లాస్టిక్ వ్యర్థాల్లో తిరిగి వాడుకలోకి వచ్చింది దాదాపు 9 శాతమేనని 2017లో ఒక పరిశోధన లెక్కగట్టింది.

అపోహ: “పేపర్ కప్పే కదా, పర్లేదు.”

టీ కారకుండా లోపల ఉండేది పలుచని ప్లాస్టిక్ పొర. 100 మిల్లీలీటర్ల వేడినీళ్లు 15 నిమిషాలుంటే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు చూపారు. స్టేషన్ దగ్గర గాజుగ్లాసులో ఇచ్చే టీకొట్టు ఇంకా ఉంటే అక్కడే తాగండి.

అపోహ: “కాల్చేస్తే పీడా పోద్ది.”

పొగై మన ముక్కులోకే వస్తుంది. పీవీసీ కాలితే డయాక్సిన్లు పుడతాయి.

అపోహ: “సముద్రంలో కలిసిపోయాక ఇక మనకేటి?”

నౌపడ వాళ్లు ఈ మాట అనకూడదు. మన మడుల్లో ఉప్పు పండేది ఆ నీటితోనే. బొంబాయి ఐఐటీ పరిశోధకులు 2018లో మన దేశపు సముద్రపు ఉప్పు బ్రాండ్లలో సూక్ష్మ ప్లాస్టిక్ కనుగొన్నారు. అలాగని ఉప్పు మానక్కర్లేదు. మామూలు ఇసుకతో వడగడితే బరువు లెక్కన 85 శాతానికి పైగా పోతుందని చెప్పిందీ వాళ్లే. మడిలోకి నీరు పెట్టేముందు ఆ వడపోత ఖర్చు ఉప్పు రైతు నెత్తిన పడాలా, ప్యాకెట్ అమ్మిన కంపెనీ భరించాలా అన్నది సభల్లో మైకు పట్టుకున్నవాళ్లను అడగాలి.