మట్టిలో పోస్తున్న డబ్బు

మొన్న జుమా నమాజు తర్వాత ఒక పెద్దాయన మమ్మల్ని ఆపారు. "మాస్టర్ సాబ్, పిల్లల హాస్టల్‌కని ఇచ్చాం. ఇంతవరకూ ఒక్క గోడా లేవలేదు. డబ్బంతా మట్టిలో పోస్తున్నారేమిటి?" అని అడిగారు. అడగవలసిన మాటే. దాతల సొమ్ము మా దగ్గర అమానత్, లెక్క చెప్పాలి.

హాస్టల్ స్థలం ఒకప్పటి చేపల చెరువు. పైన మెరక తోలిన మట్టి, కింద మెత్తటి బంకమట్టి. అందుకే పైల్స్ వేయిస్తున్నాం. పైల్ అంటే భూమిలోకి దింపిన కాంక్రీటు స్తంభం. అడుగున గట్టి పొర మీద నిలబడి కొంత బరువు మోస్తుంది, చుట్టూ ఉన్న మట్టి పట్టుతో మరికొంత మోస్తుంది. బురదలో దిగిన గెడను పైకి లాగడానికి ఎంత బలం కావాలో పడవ నడిపినవాళ్లకు తెలుసు. ఆ పట్టే ఇది.

అయితే పైల్స్ వేస్తే భవనం ఇక కుంగదనుకోవడం పొరపాటు. ఒక్క పైల్ మీద బరువు పెట్టి పరీక్షిస్తే కొన్ని మిల్లీమీటర్లే దిగవచ్చు. అవే పైల్స్ గుంపుగా నిలిస్తే, అన్నిటి బరువూ కలిసి చాలా లోతు దాకా నేలను నొక్కుతుంది. మొనల కింద ఇంకా బంకమట్టి ఉంటే, అందులోని నీరు మెల్లగా పిండుకుపోతూ భవనం ఏళ్ల తరబడి దిగుతూనే ఉంటుంది.

శాన్ ఫ్రాన్సిస్కోలోని 58 అంతస్తుల మిలీనియం టవర్ సంగతే చూడండి. 2009లో ప్రారంభమైంది. కింద 900కు పైగా పైల్స్ ఉన్నాయి. అవి ఇసుక పొరలో ఆగిపోయాయి. ఆ ఇసుక కింద మళ్లీ బంకమట్టి, రాయి తగిలేది 200 అడుగులు దాటాకే. 2016 నాటికి భవనం సుమారు 16 అంగుళాలు కుంగి, ఒక పక్కకు ఒరిగింది. చివరికి రాయి దాకా కొత్త పైల్స్ దింపి, కొంత బరువు వాటి మీదికి మార్చారు. వాళ్లు కాబట్టి అంత ఖర్చుకు తట్టుకున్నారు.

మన స్థలానికి ఇంకో చిక్కుంది. మెరక మట్టి బరువుకు కింది బంకమట్టి ఇంకా అణుగుతోంది. అలా దిగే మట్టి పైల్‌ను పట్టుకుని తనతోపాటు కిందికి లాగుతుంది. ఆసరా కావలసిన మట్టే బరువైపోతుందన్నమాట. పైల్ లోతు లెక్కలో ఇదీ కలపాలి.

భవనమంతా సమంగా ఒక అంగుళం దిగితే గోడలకు పెద్ద ప్రమాదం లేదు. ఒక మూల దిగి ఇంకో మూల నిలిచిపోతేనే చీలతాయి. మన పాత బడి వరండా చూసినవారికి చెప్పనక్కర్లేదు. గదులు పైల్స్ మీద కట్టి, ఖర్చు తగ్గుతుందని వరండాను మామూలు పునాది మీద కట్టించాం. మూడేళ్లకే రెంటి మధ్య వేలు దూరేంత సందు వచ్చింది. తప్పు మాదే.

ఈసారి వరండా, మెట్లు కూడా పైల్స్ మీదే. బోరు వేసినప్పుడు గట్టి ఇసుక తగలగానే ఆపవద్దని, దాని కింద ఏముందో కూడా చూడమని చెప్పాం. గదులకూ ఫ్యాన్లకూ దాతల పేర్లు రాయించగలం కానీ పైల్స్‌కు రాయించలేం. ఆ ఖర్చుకు ఇచ్చినవారు మన్నించాలి. స్తంభాలు లేచాక ఒక్కోదానికి గుర్తు పెట్టి, ఎంత దిగిందో నెలనెలా కొలిపిస్తాం. ఆ పుస్తకం ఆఫీసులో ఉంటుంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు.