చిన్న పెట్టెలో పెద్ద నాదము

కనిగిరిలో ఒక ఇంటి వసారాలో మేము ఇటీవల రెండు తరముల యంత్రములను ఒకే గోడగూటిలో చూచితిమి. ఒకటి తాతగారి నాటి వాల్వు రేడియో. రెండవది సెల్‌ఫోనుతో జతపరచిన చెంబంత బ్లూటూత్ స్పీకరు. పెద్ద కొయ్యపెట్టె మౌనముగా నుండగా ఆ చెంబే ఆకాశవాణిని వినిపించుచుండెను. కచ్చేరిలో మృదంగపు ఎడమ మూత పలికిన గంభీరనాదము కూడ అందులో వినవచ్చెను. తరువాత మిర్చి ధరలు వచ్చినవి. ఇంటి పెద్దావిడ చెవి యొగ్గి, “మోత బాగానే ఉంది నాయనా, మాటే తెలవట్లేదు. పదకొండు వేలన్నాడా, పదమూడు వేలన్నాడా?” అని అడిగిరి. కళ్ళములో కాయ ఆరబోసికొన్న ఇంట ఆ రెండు మాటలకును గల భేదము చిన్నది కాదు.

అంత చిన్న పెట్టెలో అంత మోత ఎట్లు పుట్టినది? మాట ఏల మరుగుపడినది?

లౌడ్‌స్పీకరులో ఒక కాగితపు గరాటు, దాని మొదట తీగచుట్ట, ఆ చుట్ట చుట్టును అయస్కాంతము ఉండును. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అను ఇంజనీర్లు ప్రకటించిన ఈ ఏర్పాటే నేటికిని వాడుకలో నున్నది. గరాటు ముందుకు కదలినపుడు ఎదుటి గాలి ఒత్తుకొనును. అదే క్షణమున వెనుకటి గాలి పలుచనగును. మంద్రస్వరముల తరంగములు మిక్కిలి పొడవైనవి. 50 హెర్ట్జ్ స్వరపు తరంగము సుమారు 7 మీటర్లుండును. అట్టి తరంగము స్పీకరు అంచును సులభముగా చుట్టి వచ్చును గనుక, ముందుది వెనుకదానితో కలిసి రెండును అణగిపోవును. అందుచేత వెనుక భాగమును పెట్టెలో మూయుదురు. మూసినంతనే మరియొక చిక్కు. పెట్టెలోని గాలి గరాటును కదలనీయక ఎదురు నెట్టును. పెట్టె ఎంత చిన్నదైన ఆ పట్టు అంత గట్టిది. కనుకనే పూర్వము మంద్రస్వరము కోరినవారు బీరువాలవంటి పెట్టెలు చేయించుకొనెడివారు.

1954లో ఎడ్గర్ విల్చర్ అను అమెరికను ఈ చిక్కునే సాధనముగా మార్చెను. అంతవరకు గరాటు అంచును బిగువైన పట్టీతో కట్టెడివారు. ఆయన దానిని వదులు చేసి, గరాటును యథాస్థానమునకు తెచ్చు పనిని పెట్టెలోని గాలికే అప్పగించెను. సైకిలుపంపు రంధ్రమును బొటనవ్రేలితో మూసి పిడిని నొక్కి చూడుడు. గాలి స్ప్రింగువలె తిరిగి నెట్టును. గుడ్డ, తోలు పట్టీలు కొంత సాగినపిదప బిగిసికొని స్వరమును వికృతపరచును. గాలి స్ప్రింగు ఈ కొద్దిపాటి కదలికలలో దాదాపు సమముగా పనిచేయును. మా దృష్టిలో పెట్టె చిన్నదగుటకంటె ఈ స్వచ్ఛతయే పెద్ద లాభము. హెన్రీ క్లాస్‌తో కలిసి విల్చర్ స్థాపించిన అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ 12 అంగుళముల గరాటును పుస్తకముల అరలో నిలుచు పెట్టెలో అమర్చినది. 1956లో పేటెంటు లభించినది గాని తరువాత న్యాయస్థానములో నిలువలేదు. పద్ధతి అందరిదైనది.

ఆ పెట్టెలో గాజుపీచు నింపిరి. ప్రత్తి సీమవారికి ఇది వింతగా తోచదు. ఒత్తుకొన్న గాలి వేడెక్కి మరింత బిగిసికొనును. దూదివంటి పీచు ఆ వేడిని గ్రహించుటచే పెట్టె కొంత పెద్దదైనట్లు ప్రవర్తించును.

ఇంతటి లాభము ఊరక రాలేదు. చిన్న పెట్టె, లోతైన మంద్రము, తక్కువ విద్యుత్తుతో ఎక్కువ ధ్వని, ఈ మూడింటిలో రెండే దక్కునని హాఫ్‌మన్ అను ఆయన పేర చెప్పుకొను నియమము. విల్చర్ మూడవదానిని వదలుకొనెను. తిరునాళ్ళ మైకుసెట్టు బాకా మంద్రమును వదలుకొని కొద్ది విద్యుత్తుతోనే ఊరంతటికి వినిపించును. ధ్వని తగ్గకుండ 100 హెర్ట్జ్ నుండి 50 హెర్ట్జ్‌కు దిగవలెనన్న గరాటు నాలుగింతలు కదలవలెను. మూసిన చిన్న పెట్టెలో, దాని సహజస్వరమునకు దిగువన, 16 రెట్లు శక్తి కావలెను.

1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, 1970ల తొలి సంవత్సరములలో రిచర్డ్ స్మాల్ ఈ లెక్కలను సూత్రములుగా నిలిపిరి. నేటి చెంబు స్పీకరులో ఒక చిన్న చిప్పు ఆ లెక్కలనే క్షణక్షణము నడుపుచుండును. ధ్వని తక్కువైనపుడు మంద్రమును ఉబ్బించును. పెంచిన కొలది, గరాటు చిరుగకుండ, మంద్రమును తగ్గించును. మీరే పెంచి వినుడు, మృదంగము పలుచనగును.

ఇక పెద్దావిడ ప్రశ్న. అచ్చులలోని బలము చాలవరకు క్రింది స్వరములలో నుండును. క, మ, ట, స లను వేరుచేయు గుర్తులు ఎక్కువగా పైస్వరములలో, కొన్ని వేల హెర్ట్జ్‌ల చెంత నుండును. వయస్సుతో ముందుగా తగ్గునది ఆ వినికిడియే. ఉబ్బిన మంద్రము వానిని మరుగుపరచును. పైగా గోడగూడు మంద్రమును మరింత పెంచును. సంగీతమునకు మెచ్చదగిన గుణమే వార్తలకు అడ్డమైనది.

మేము స్పీకరును గూటిలోనుండి తీసి, గోడకు దూరముగా, ఆమె చెవియెత్తున స్టూలుపై ఉంచి, ఫోనులో బాస్ తగ్గించితిమి. మరునాటి ధరలు చెప్పునపుడు ఆమె ఎవరిని అడుగలేదు.