రంగూను కాలము - బాపట్ల కాలము

మన పెద్దలు రంగమని పిలిచిన రంగూనునకును బాపట్లకును గల కాలభేదమును ఇట పరిశీలించుచున్నాము. బాపట్ల రమారమి 80½ డిగ్రీల, రంగూను 96 డిగ్రీలకు కొంచెము మించిన తూర్పు రేఖాంశమున నున్నవి. డిగ్రీకి 4 నిమిషముల చొప్పున సూర్యుడచ్చట సుమారు 63 నిమిషములు ముందుగా నడినెత్తికి వచ్చును. గడియారముల భేదము మాత్రము సరిగా ఒక గంట. ఏలయన భారతకాలమునకు 82½, బర్మాకాలమునకు 97½ డిగ్రీల రేఖలు ప్రమాణములు.

1942లో బర్మా నాక్రమించిన జపానువారు టోక్యో కాలమును విధించిరి; ఆ యేటనే వేలకొలది తెలుగువారు సర్వమును విడిచి స్వదేశమునకు మరలిరి. 1948 జనవరి 4న, జ్యోతిష్కులు నిర్ణయించిన ముహూర్తమున, తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషములకు బర్మా స్వతంత్రమయ్యెను. బాపట్ల గడియారమున నది 3 గంటల 20 నిమిషములు. 1989లో దేశము మయన్మార్, నగరము యాంగోన్ అయినవి. కోరంగి రేవును బట్టి తెలుగువారికి అచ్చట కలిగిన ‘కోరంగీలు’ అను పేరు ఆ వలసకు సాక్ష్యము.