ముంపునకు ఓర్చు వరి - ఒక జన్యు కుటుంబము కథ



వరి చేను పది దినములు నీట మునిగినచో, నీరు తీసిన పిమ్మట కుళ్ళిన దుబ్బులే మిగులుట మీరెరిగినదే. కాని ఒడిశా ప్రాంతపు పాత రకమైన ఎఫ్.ఆర్. 13ఎ రెండు వారముల వరకు మునిగియు తిరిగి చిగిర్చును. దీనికి కారణమేమో తెలిసికొందము.

మొక్క గుణములను నిర్ణయించు సూచనలకు జన్యువులని పేరు. ఇవి ఒక తరము నుండి మరియొక తరమునకు నకలై వచ్చును. అట్లు నకలగునప్పుడు ఒక్కొక్కసారి పొరపాటు జరుగును. జన్యువులో ఒక చిన్న భాగము మారిన దానిని ఉత్పరివర్తన మందురు. మరియొకప్పుడు ఒకే జన్యువునకు రెండు నకళ్ళు ఏర్పడును.

ఒకే మడి గల రైతు క్రొత్త విత్తనము చల్లుటకు జంకును. రెండు మడులున్నచో ఒకదానిలో పాత పంట పండించుకొని, రెండవదానిలో క్రొత్తది వేసి చూడవచ్చును. జన్యువుల సంగతియు నిట్టిదే. ఒక నకలు పాతపని చేయుచుండగా, రెండవది మార్పు చెందినను మొక్కకు నష్టము లేదు. ఇట్లు మారిన నకళ్ళలో పెక్కు చెడిపోవును. ఏ కొన్నియో క్రొత్తపని నేర్చును. ఒకే మూలము నుండి పుట్టిన ఇట్టి జన్యువుల సమూహమే జన్యు కుటుంబము.

వరిలో సబ్-1బి, సబ్-1సి అను జన్యువులు సామాన్యముగా నుండును. సబ్-1ఎ మాత్రము కొన్ని రకములలోనే కలదు. ఇది సబ్-1బి నకలు నుండి పుట్టినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. సబ్-1ఎ ఉన్న రకములన్నియు ముంపునకు ఆగవు. అందులో మునిగిన వెంటనే బలముగా పనిచేయు రూపము గలవియే ఆగును. ఈ సంగతి 2006లో వెల్లడియైనది.

మామూలు వరి మునిగినప్పుడు పైకి సాగి, నిలువయున్న ఆహారమును ఖర్చు చేసికొని నశించును. సబ్-1ఎ ఆ ఎదుగుదలను ఆపి ఆహారమును మిగుల్చును.

మన మారుటేరు పరిశోధనా స్థానమున రూపొందిన స్వర్ణ రకములోనికి, పలుమారులు సంకరపరచి, ఈ జన్యువును చేర్చిరి. అట్లు వచ్చిన స్వర్ణ సబ్-1 మన దేశమున 2009లో విడుదలయ్యెను.

ఒక్క హెచ్చరిక. నీరు తీసిన మరునాడు ఈ వరి చచ్చినట్లే కనిపించును. తొందరపడి దున్నివేయవలదు, కొన్ని దినములు వేచి చూడుడు. క్రొత్త ఆకు వేసిన పిమ్మటనే నత్రజని ఎరువు పైపాటుగా వేయవలెను. రెండు వారములకు మించిన ముంపునకు, పూత దశలో వచ్చు ముంపునకు ఈ రకమును నమ్ముకొనరాదు.

పాత రకములను తక్కువగా చూడకుడు. ఈ మేలు అట్టి పాత విత్తనమునందే దాగియుండెను.