గది అద్దెతోపాటు భోజనం డబ్బూ ముందే కట్టాలా?



వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, ఇంట్లో పిల్లలు "ఈసారి ఎక్కడికి?" అని మొదలుపెడతారు. ఇదివరకు సెలవులంటే అమ్మమ్మగారి ఊరే. అక్కడ భోజనానికి డబ్బు ముందు కట్టాలా, తిన్నాక కట్టాలా అన్న ప్రశ్నే లేదు. ఇప్పుడలా కాదు. మన గన్నవరంలో విమానం ఎక్కి వెళ్ళేవాళ్ళు కొందరు, బెజవాడలో రాత్రి రైలెక్కి విశాఖ మీదుగా అరకు వెళ్ళేవాళ్ళు కొందరు, కారు మాట్లాడుకుని సూర్యలంక సముద్రానికి పోయేవాళ్ళు మరికొందరు. గది ఖాయం చేసుకునేటప్పుడు రిసార్టు వాళ్ళు ఒక మాట అడుగుతారు: "గది వరకేనా అమ్మా, భోజనంతో కలిపా?" అని. పక్కనుంచి ఇంటాయన "నీ ఇష్టం, ఏదో ఒకటి చెప్పెయ్" అంటారు. ఆ చెప్పేది ఏ లెక్కన చెప్పాలో, ఈవేళ కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం.

ముందుగా డబ్బు కట్టి తర్వాత తినడం మనకి కొత్తేమీ కాదండీ. కాలేజీ పిల్లలు మెస్సులో నెలకి సరిపడా టిక్కెట్ల పుస్తకం కొనుక్కోవడం మనకి తెలుసు. ఒక్కో పూటకి ధర తగ్గుతుంది, నిజమే. కాని శని, ఆదివారాలు ఇంటికొచ్చేసే కుర్రాడికి నెలాఖరున పుస్తకంలో సగం టిక్కెట్లు మిగిలిపోతాయి. ఇప్పటి వందే భారత్ రైళ్ళలోనూ అంతే. 2023 సెప్టెంబరులో బెజవాడకీ మద్రాసుకీ మధ్య మొదలైన బండిలో టిక్కెట్టు తీసుకునేటప్పుడే "భోజనం కావాలా, వద్దా" అని అడుగుతారు. వద్దంటే ఆ మేరకు ఛార్జీ తగ్గుతుంది. ఇంటి దగ్గరే పులిహోర కట్టుకునేవాళ్ళు వద్దంటారు, చేతులూపుకుంటూ వెళ్ళేవాళ్ళు కావాలంటారు. రిసార్టు భోజనం సంగతీ ఇదే. కాకపోతే అక్కడ నలుగురైదుగురు మనుషులు, మూడు నాలుగు రోజులు, పది పూటలు. అందుకని లెక్క పెద్దదవుతుంది.

ఇక పేర్లు. హోటలు వాళ్ళ కాగితం మీద రెండు మూడు అక్షరాలు కనిపిస్తాయి. అవి చూసి కంగారు పడక్కర్లేదు. ఇ.పి. అంటే యూరోపియన్ ప్లాను. గది మాత్రమే, తిండి మన సొంతం. సి.పి. అంటే కాంటినెంటల్ ప్లాను. గదితోపాటు పొద్దుటి ఫలహారం. ఎం.ఏ.పి. అంటే మోడిఫైడ్ అమెరికన్ ప్లాను. ఫలహారం, దానికి తోడు ఒక పూట భోజనం, సాధారణంగా రాత్రిది. ఏ.పి. అంటే అమెరికన్ ప్లాను. ఫలహారం, మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం మూడూనూ. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా హోటళ్ళలో గదీ తిండీ కలిపి ఒకే బిల్లు వేసేవారు, యూరపులో గదికి మాత్రం వేసేవారు. ఆ పేర్లే ఇప్పటికీ మన అరకు దాకా వచ్చాయన్నమాట. తిండి, ఆట, పాట అన్నీ ఒకే డబ్బులో కలిపేసే పద్ధతి కూడా ఉంది. 1950లో క్లబ్ మెడిటరానీ అనే సంస్థ మజోర్కా దీవిలో డేరాలు వేసి దాన్ని ప్రచారంలోకి తెచ్చింది.

ఇందులో మనం గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. ప్లానుని రోజుల చొప్పున కాక రాత్రుల చొప్పున లెక్క కడతారు. మూడు రాత్రులు ఉంటే మూడు ఫలహారాలు, మూడు మధ్యాహ్న భోజనాలు, మూడు రాత్రి భోజనాలు. మధ్యాహ్నం గదిలో దిగుతాం కనక మొదటిరోజు ఫలహారం ఉండదు, ఖాళీ చేసే రోజు ఫలహారం ఉంటుంది. మొదటిరోజు సాయంత్రం నాలుగింటికి చేరామనుకోండి, ఆ మధ్యాహ్న భోజనం పోయినట్టే. దానికి బదులు వెళ్ళే రోజున పెడతారా అని అడిగితే కొందరు ఒప్పుకుంటారు. అడగనివాళ్ళకి ఎవరూ పిలిచి పెట్టరు కదా!

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. ప్లాను ధర చూడకముందే, మన ఇంటిల్లిపాదీ ఆ రిసార్టు బల్ల ముందు ఎన్ని పూటలు నిజంగా కూర్చుంటారో రాయండి. ఉదాహరణకి ఒక కుటుంబం అరకు వెళుతోందనుకుందాం. భార్యాభర్తలు, అత్తగారు, పదేళ్ళ అమ్మాయి, నాలుగేళ్ళ బాబు. మూడు రాత్రులు. గది అద్దెలో ఫలహారం ఎలాగూ ఉంది. మిగతా రెండు పూటలకీ పెద్దవాళ్ళకి పూటకి 500 రూపాయలు, అమ్మాయికి 250, బాబుకి ఏమీ లేదు అన్నారనుకోండి. ఈ అంకెలు లెక్క తెలియడానికి వేసుకున్నవే, అసలు ధరలు మీరు అడిగి రాసుకోవాలి. పూటకి 1,750, ఆరు పూటలకి 10,500 రూపాయలు.

రెండోరోజు బొర్రా గుహలకి వెళతారు. అరకు నుంచి సుమారు 35 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు. మధ్యాహ్నం భోజనానికి వెనక్కి రాలేరు, అక్కడే ఎక్కడో 800 పెట్టి తింటారు. అంటే రిసార్టులో కట్టిన ఒక పూట 1,750 వృథా. అత్తగారు రాత్రిపూట అన్నం తినరు. రెండు ఇడ్లీలో, పాలూ పండో పుచ్చుకుంటారు. ఆవిడ పేర కట్టిన మూడు రాత్రుల 1,500 కూడా చాలావరకు వృథాయే. ప్లాను లేకుండా ఉంటే ఏమవుతుంది? మన ఇళ్ళల్లో మనిషికో కూర చెప్పం. రెండు కూరలు, ఒక పప్పు, పెరుగు తెప్పించుకుని అందరూ సర్దుకుంటారు. మధ్యాహ్నం 1,300, రాత్రి 1,100 అవుతుందనుకుందాం. రెండు మధ్యాహ్నాలకి 2,600, మూడు రాత్రులకి 3,300, మొత్తం 5,900. బొర్రా దగ్గర తిన్న 800 కలిపితే 6,700. ప్లాను తీసుకుంటే 10,500కి అదే 800 కలిపి 11,300. తేడా 4,600 రూపాయలు. అరకు కాఫీ, పిల్లలకి బట్టలు కొనుక్కోగా ఇంకా మిగులుతుంది.

అయితే ప్లాను ఎప్పుడూ దండగేనా? కాదండీ. ఇదే కుటుంబం ఊరికి దూరంగా ఉన్న రిసార్టులో దిగిందనుకోండి. ఆ రిసార్టులో విడిగా తెప్పించుకుంటే ధర మండిపోతుంది. ఊళ్ళోకి వెళ్ళి తిందామంటే రాత్రిపూట ఆటోకి రానూ పోనూ 600. మూడు రాత్రులకి 1,800. తిండి 3,300తో కలిపితే 5,100. రాత్రి భోజనం మాత్రమే ప్లానులో తీసుకుంటే, అంటే ఎం.ఏ.పి. అయితే, మూడు రాత్రులకి 5,250. తేడా 150 రూపాయలు. నిద్రకి తూగుతున్న నాలుగేళ్ళ పిల్లాణ్ణి భుజాన వేసుకుని, మోకాళ్ళ నొప్పులున్న అత్తగార్ని ఆటో ఎక్కించి దింపి, నూటయాభై మిగిల్చి ఏం లాభం? అక్కడ ప్లానే మంచిది. పగలు ఊరు తిరగడం, రాత్రి ఉన్నచోటే తినడం అనుకునేవాళ్ళకి చాలాసార్లు ఈ మధ్యరకం సరిపోతుంది.

కొన్నిచోట్ల మనం ఎంచుకునేందుకు ఏమీ ఉండదు. కేరళలో అలెప్పీ పడవ ఇళ్ళు చూడండి. మధ్యాహ్నం ఎక్కితే మర్నాడు పొద్దున దిగడం. నీళ్ళ మధ్య హోటలెక్కడ వస్తుంది? పడవలోనే వంటమనిషి ఉంటాడు, భోజనం అద్దెలోనే కలిసి ఉంటుంది. కర్ణాటక ప్రభుత్వం 1980లో స్థాపించిన జంగిల్ లాడ్జెస్ వారి కబిని విడిదిలోనూ అంతే. గది, భోజనాలు, అడవిలో తిప్పడం కలిపే ధర చెబుతారు. ఇలాంటిచోట "ఎంత" అన్నదానికన్నా "ఏం పెడతారు" అన్న ప్రశ్నే ముఖ్యం. కేరళ పడవలో చేపలు ఉంటాయి, వంటలో కొబ్బరినూనె ఉండవచ్చు. శాకాహారులైతే, కొబ్బరినూనె పడనివాళ్ళైతే ముందే చెప్పాలి. దీనికి ఎదురు తిరుమల. అక్కడ 1985 నుంచి నిత్యాన్నదానం జరుగుతోంది, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు వడ్డన. అటువంటి ఊళ్ళో భోజనంతో కలిపి గది తీసుకోవడానికి తొందరపడక్కర్లేదు.

ఇక మన ఇంటి తిండి అలవాట్లు. హోటలువాడికి అవి తెలియవు, మనకే తెలుసు. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళు ఇంట్లో ఉన్నారా? ఆ తేదీల్లో ఏకాదశి పడుతోందా? ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్ళున్నారా? చక్కెర జబ్బుకి మందు వేసుకునేవాళ్ళుంటే వేళకి తినాలి. బఫే రాత్రి ఎనిమిదింటికి గాని మొదలుకాదంటే వాళ్ళకి ఇబ్బంది. పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎనభై రకాల బఫేలో పెరుగన్నం, అప్పడం తిని లేచిపోతారు. అదే పదహారేళ్ళ మగపిల్లలు ఇద్దరుంటే లెక్క తిరగబడుతుంది. వాళ్ళకి విడిగా తెప్పించి పెట్టడం కన్నా బఫే దగ్గర వదిలెయ్యడమే చవక! కాబట్టి పక్కింటి వదినగారికి ప్లాను కలిసొచ్చిందని మనకీ కలిసి రావాలని లేదు, ఆవిడకి దండగైందని మనకీ దండగవదు.

డబ్బు కట్టేముందు ఫోను చేసి కొన్ని సంగతులు అడగండి. ఏ వయసు దాకా పిల్లలకి ఉచితం, ఏ వయసు నుంచి సగం? ఒక్కోచోట ఒక్కో పద్ధతి. బఫేనా, వాళ్ళు నిర్ణయించిన వంటకాలా? జనం తక్కువగా ఉన్న రోజుల్లో చాలాచోట్ల బఫే తీసేసి నాలుగు వంటకాలు తెచ్చి పెడతారు. మంచినీళ్ళ సీసా, కాఫీ, పళ్ళరసం ధరలోనివేనా, వేరే బిల్లా? బయటికి వెళ్ళే రోజున భోజనం పొట్లం కట్టి ఇస్తారా? తినని పూటకి డబ్బు తిరిగి ఇస్తారా? చెప్పిన ధరలో పన్ను కలిసి ఉందా? గదితోపాటు వద్దని చెప్పి, అక్కడికి వెళ్ళాక నచ్చితే ఏ పూటకాపూట ప్లాను తీసుకోవచ్చా? ఈ ఆఖరి ప్రశ్నకి అవునంటే మీ పని సులువు. మొదటిరోజు రుచి చూసి అప్పుడు చెప్పవచ్చు. జవాబులన్నీ నోటిమాటగా వదలకుండా రాతపూర్వకంగా ఫోనుకి పంపమనండి. వాదన వచ్చినప్పుడు ఆ నాలుగు అక్షరాలే మనకి సాక్ష్యం.

బిల్లులో "సర్వీస్ ఛార్జి" అని వేరే కలిపితే ఊరుకోనక్కర్లేదు. హోటళ్ళు దాన్ని వాటంతటవే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో ఆదేశించింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. ప్రభుత్వానికి కట్టే పన్ను వేరు, ఇది వేరు. చెప్పిన భోజనం పెట్టకపోయినా, లేనిపోనివి కలిపినా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరు మీద ఫిర్యాదు చెయ్యవచ్చు.

ఇంత లెక్క చెప్పాక, లెక్కలో రాని మాట ఒకటుంది. ఖర్చు కలిసొస్తుందని కరెంటు కుక్కరు, బియ్యం, పప్పు సంచీలో పెట్టుకుని బయల్దేరే అక్కయ్యలున్నారు. చాలా హోటళ్ళు గదిలో వంట ఒప్పుకోవు, నిప్పు భయం ఉంటుంది కనక. ఒప్పుకున్నా సరే, అందరూ జలపాతం చూడ్డానికి వెళితే ఇల్లాలు గదిలో పప్పు ఉడికిందా అని చూస్తూ కూర్చుంటే ఆవిడకి సెలవేదీ? ఆవకాయ సీసా, కారప్పొడి తీసుకెళ్ళండి, అది వేరు. వంటిల్లు మాత్రం ఇంటి దగ్గరే తాళం వేసి రండి. ప్లాను ధరలో అన్నం, కూరలతోపాటు "ఈ పూట ఏం చెయ్యాలి" అన్న ఆలోచన లేకపోవడం కూడా ఉంటుంది. ఏడాది పొడుగునా మూడు పూటలూ ఆ ఆలోచనతోనే ఉండే మనిషికి దానికీ ఒక విలువ ఉంది. కాగితం మీద తేడా ఐదు వేలుంటే విడిగా తినండి. కాని పూట పూటకీ ఏం తెప్పించాలో ఆ భారం మీరొక్కరే మొయ్యకండి, ఇంటాయనకీ పిల్లలకీ పంచండి. తేడా ఐదు వందలే అయితే ఆ ఐదు వందలూ మీ విశ్రాంతికని సంతోషంగా ఇచ్చెయ్యండి.

పూటలు లెక్కపెట్టి, ఇంటివాళ్ళ అలవాట్లు చూసుకుని, అప్పుడు చెప్పే "అవును"కైనా "కాదు"కైనా విచారపడక్కర్లేదు. సెలవులకి వెళ్ళి క్షేమంగా, కడుపునిండా తిని రండి.