చక్రములమీద పాత యిల్లు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పుదురు. ఏబది యేండ్ల పాత మోటారు బండిని కొని చూడు అని మూడవ మాట చేర్చవచ్చునని మాకు గత సంవత్సరము తోచినది. అందును అది లోపల పడకయు పొయ్యియు నీళ్ళతొట్టియు అమర్చిన విహారపు బండి యైనచో, ఇల్లును బండియు ఒక్కసారిగా కొన్నట్లే. రెంటి చిక్కులును మనవే యగును. విదేశములలో కాపురమున్న మన సోదరీమణులలో కొందరికి ఇట్టి కోరిక కలుగుచున్నదని విని, మేము పడిన పాట్లను, వానివలన నేర్చిన సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము.

మేము ఇంగ్లాండు దేశమున కాపురముండువారము. వేసవి వచ్చినంతనే ఇచ్చటి సముద్రతీరపు త్రోవలలో రెండు రంగుల పూతతో, గుండ్రని దీపములతో, నవ్వుమొగమువంటి ముందుభాగముతో మెల్లగా పోవు పాత ఫోక్స్‌వాగన్ బండ్లు కానవచ్చును. పైకప్పు నెత్తినచో గుడారపు గుడ్డ విచ్చుకొని, లోపల నిలుచుండుటకు చోటగును. వెనుకటి ఆసనమును లాగినచో పడక యగును. వానిని చూచిన ప్రతిసారియు మా పిల్లలు కేకలు వేయుచుండిరి. నిజము చెప్పవలెనన్న, పిల్లలకంటె మాకే యెక్కువ మోజు.

ఈ బండి పుట్టుక కొంత వింతగా నుండును. బెన్ పోన్ అను హాలండు దేశపు వర్తకుడు జర్మనీలోని వోల్ఫ్స్‌బుర్గు కర్మాగారములో, సామానులు మోయుటకై కూర్చుకొన్న బల్లబండి నొకదానిని చూచెను. దానిని మనసున నుంచుకొని 1947 ఏప్రిల్ 23వ తేదీన తన చిన్న పుస్తకములో ఒక బొమ్మ గీసెను. పెట్టెవంటి బండి, నడుపువాడు ముందు, ఇంజను వెనుక, సరకు నడుమ. ఆ బొమ్మ ఆంస్టర్డాము నగరపు రైక్స్ మ్యూజియమువారి సేకరణలో చేరినది. 1950 మార్చిలో బండ్ల తయారీ యారంభమయ్యెను. మరుసటి సంవత్సరమే వెస్ట్‌ఫాలియా అను జర్మను సంస్థవారు దానిలో పడక, బీరువాలు అమర్చి విహారపు బండిగ మార్చసాగిరి. ఇంగ్లాండులో డెవన్, డార్మొబైల్ మున్నగువారు అదే పని చేసిరి. 1967 వరకు వచ్చిన బండ్లకు ముందరి అద్దము నడుమ చీలియుండును. ఆ పిమ్మట 1979 వరకు జర్మనీలో చేసినవానికి ఒకే వంపుటద్దము. చీలిన అద్దముగల బండ్ల వెల మా బోంట్లకు అందునది కాదు గనుక, వంపుటద్దము బండినే వెదుకసాగితిమి.

మొదట చూచిన బండి నీలము, మీగడ రంగులు కలిసి పెండ్లికూతురువలె నుండెను. కొత్త తెరలు, కొత్త పరుపులు, తళతళలాడు చక్రములు. పిల్లలు లోపలికెక్కి, ఎవరు ఎచ్చట పరుండవలెనో అప్పుడే పంచుకొనిరి. వెల మా రెండేండ్ల పొదుపంతయు. మా వారు అప్పుడే బజానా మాట యెత్తిరి. కాని మా వీధిలో నుండు ఒక వృద్ధుడు, పాత బండ్లతో జీవితమంతయు గడిపినవాడు, ముందే చెప్పియుండెను: గుడ్డలో చుట్టిన అయస్కాంతము నొకదానిని వెంట గొనిపొండు, రేకుపై ఆనించి చూడుడు అని. సిగ్గు విడిచి ఆ పని చేసితిమి. తలుపు రేకునకు అయస్కాంతము చక్కగా నతుకుకొన్నది. చక్రము పైనున్న వంపున పెట్టగా జారి క్రిందపడెను. పక్క దూలము వెంబడి పెట్టగా మరల జారెను. అచ్చట ఇనుము లేదు. తుప్పు తిన్న రంధ్రములను లప్పముతో పూడ్చి పైన రంగు పూసిరి. ముందరి కాళ్ళచాప నెత్తి చూడగా అడుగు రేకులోనుండి నేల కనబడుచుండెను. పైన పటారము, లోన లొటారము అను సామెత మాకు బాగుగ తెలియవచ్చెను. అమ్మువాడు, పాత బండ్లన్నియు నిట్లే యుండునని చెప్పి ఊరకుండెను. ఇంటికి వచ్చు త్రోవలో మా పెద్దపిల్ల కన్నీరు పెట్టుకొన్నది. మేమును మాటలాడలేదు.

ఇనుమునకు ఇంత ప్రాధాన్యమేల యని యడుగవచ్చును. ఈ బండికి వేరుగ చట్రము లేదు. పైపెట్టెయు అడుగు దూలములును ఒక్కటిగ అతికించినవే. అందుచేత తుప్పు పట్టినది రేకు మాత్రము కాదు, బండి వెన్నెముకయే. ఇంజను చెడినచో దింపి వేరొక దానిని ఎక్కించుట తెలిసినవారికి ఒక పూట పని. తుప్పును కోసి, కొత్త రేకు అతికించుటకో, వారములు పట్టును. ఖర్చు ఇంజను వెలను మించిపోవుట సామాన్యము. ఇంగ్లాండులో చలికాలమున మంచు గడ్డకట్టకుండ త్రోవలపై ఉప్పు చల్లుదురు. ఉప్పు నీరు ఇనుమును ఏమి చేయునో పచ్చళ్ళు పెట్టుకొను మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అందుకనియే కొందరు కాలిఫోర్నియా వంటి పొడి దేశములనుండి బండ్లను తెప్పించుకొందురు. వానికి తుప్పు తక్కువ, గాని ఎండకు రబ్బరును ఆసనముల గుడ్డయు చీకిపోయి యుండును. నడుపు చక్రము ఎడమ ప్రక్క నుండును.

రెండవ బండి చూచుటకు ఏ మోజును లేదు. 1973వ సంవత్సరపు బండి. రంగు వెలిసిన నారింజ వన్నె. తెరలపై ఎవరో చేతితో వేసిన మాసికలు. అమ్మునది భర్తను కోల్పోయిన ఒక పెద్దావిడ. ఆమె మొదట బండిని చూపలేదు. ఒక లావుపాటి కాగితముల కట్టను తెచ్చి మా ముందుంచెను. ఎప్పుడు నూనె మార్చిరి, ఏ చోట రేకు అతికించిరి, బ్రేకులు ఎన్నడు బాగుచేసిరి, అన్నిటికిని రసీదులు. అతికించిన చోటులకు ఫొటోలు సైతము. రిజిస్ట్రేషను పత్రములోని సంఖ్యను ఇంజను గదిలో అచ్చొత్తిన సంఖ్యతో సరిచూచితిమి. బ్రిటనులో బండి సంఖ్య చెప్పినచో గత పరీక్షలలో అది ఎచ్చట తప్పినదో ప్రభుత్వమువారి రికార్డులో ఉచితముగ చూచుకొనవచ్చును. అదియు చూచితిమి. ఇంజనును చేతితో తాకి, చల్లగా నున్నదని తెలిసికొనిన పిదపనే నడిపింపుమని కోరితిమి. ముందే వేడిచేసి యుంచిన ఇంజను తన రోగమును దాచును.

ఆమె మమ్ము ప్రశ్నలడిగెను. బండిని బయట వానలో నుంచెదరా? చలికాలమున ఉప్పు త్రోవలపై నడిపెదరా? మాకు కొట్టమున్నదని విని కొంత కుదుటపడెను. పక్కకు జరుగు తలుపు వాన కురిసినప్పుడు బిగియునని, బలముతో లాగరాదని, కొంచెము పైకెత్తి జరుపవలెనని రెండుసార్లు చేసి చూపెను. మొదటి బండికంటె వెల స్వల్పముగ తక్కువ. బేరమాడుటకు మాకు నోరు రాలేదు.

ఇంత జాగ్రత్త పడియు ఒకటి మరచితిమి. కొన్న మూడవ వారమున, పిల్లలను ఎక్కించుకొని పోవుచుండగా పెట్రోలు వాసన కొట్టెను. మా వారు, పాత బండికి ఆ మాత్రపు వాసన సహజమనిరి. మేము నిలుపుమని పట్టుబట్టితిమి. వెనుక మూత తెరచి చూడగా, పెట్రోలు తెచ్చు రబ్బరు గొట్టము పగుళ్ళు వారి, బొట్లు బొట్లుగ వేడి ఇంజనుపై పడుచుండెను. ఆ దృశ్యము తలచుకొన్నచో ఇప్పటికిని మా కాళ్ళు వణకును. ఈ బండ్లలో అనేకములు ఇట్లే తగులబడిపోయినవని బాగుచేసినవాడు చెప్పెను. 2021 సెప్టెంబరునుండి బ్రిటనులో సాధారణపు పెట్రోలులో 10 పాళ్ళవరకు ఎథనాల్ కలుపుచున్నారు. అది పాత రబ్బరును తినివేయును గనుక, 5 పాళ్ళకు మించని, వెల హెచ్చైన పెట్రోలునే ఇట్టి బండ్లకు పోయవలెను. బండి కొన్న దినముననే, అది ఎంత బాగుగ నున్నను, గొట్టములన్నియు మార్పింపుడు. దానికగు సొమ్ము కొద్ది. ఇంజను గదిలో తనంతట మంట నార్పు పరికరమును గూడ పెట్టించితిమి.

వేడి గాలి సంగతి మరియొకటి. ఈ ఇంజనును గాలియే చల్లార్చును, నీరు లేదు. పొగగొట్టముల చుట్టును ప్రసరించి వేడెక్కిన గాలినే చలికాలమున లోపలికి పంపుదురు. ఆ గొట్టములు తుప్పుపట్టి రంధ్రములు పడినచో విషపు పొగ మనము పీల్చు గాలిలో చేరును. లోపలి గ్యాసు పొయ్యికిని ఇదే భయము. వంటకు తప్ప చలి కాచుకొనుటకు దానిని వెలిగింపరాదు. వండునప్పుడు కిటికీ తెరచియుంచవలెను. కార్బన్ మోనాక్సైడునకు రంగును వాసనయు లేవు. కావున హెచ్చరించు గంట నొకదానిని పడకకు దగ్గర బిగించితిమి. వెనుక ఆసనమునకు బెల్టులు లేకుండెను. మొదట బెల్టులు లేకుండ చేసిన బండిలో 3 ఏండ్లు నిండని బిడ్డను ఎక్కించుట ఆ దేశపు చట్టమునకు విరుద్ధము. మా చిన్నవానికి రెండేండ్లే. వానిని ఒడిలో కూర్చుండబెట్టుకొను మన యలవాటును విడిచి, బెల్టులు బిగింపించి, వానికి తగిన కుర్చీ కట్టించితిమి.

చట్టము కొంత దయ చూపినది. 40 ఏండ్లు దాటిన బండికి రోడ్డు పన్ను లేదు, గాని దరఖాస్తు పెట్టుకొనవలెను. పెద్ద మార్పులు చేయని బండికి 2018 మే నుండి ఏటేటి పరీక్షయు తప్పనిసరి కాదు. మేము మాత్రము ప్రతి యేటను చేయింప నిశ్చయించితిమి. చట్టము విడిచిపెట్టినను తుప్పు విడిచిపెట్టదు గదా. భీమా తీసికొనునప్పుడు బండి విలువను ముందే ఒప్పుకొని వ్రాయించుకొనుడు. లేనిచో ఏబదియేండ్ల బండికి వారు కట్టు వెల మీకు నచ్చదు.

వేసవిలో కార్న్‌వాల్ తీరమునకు బయలుదేరితిమి. గంటకు 50 మైళ్ళు దాటనీయలేదు. వెనుకనున్నవారు విసుగుకొని దాటిపోయిరి. కొందరు చేయి యూపిరి. రెండు మంటల పొయ్యిపై ఉప్మా చేసి, ఆవకాయతో తింటిమి. రాత్రి వాన గుడారపు గుడ్డపై పడుచుండగా పిల్లలు పైపడకలో చాలసేపు గుసగుసలాడిరి. మరునాడు ఆ పెద్దావిడకు ఒక కార్డు వ్రాసి వేసితిమి. పది దినములకు జవాబు వచ్చినది. పక్క తలుపు ఇంకను వానలో బిగియుచున్నదా యని ఆమె యడిగెను. బిగియుచున్నదని, పైకెత్తి జరుపుచున్నామని వ్రాసితిమి.