సిరోంచ టేకుపనిలో తీగయంత్రములు, బ్యాటరీయంత్రములు

ప్రాణహిత గోదావరిలో కలియుటకు కొంచెము ఎగువన, దాని ఎడమగట్టున సిరోంచ పట్టణము కలదు. నదికి ఆవల తెలంగాణములోని కాళేశ్వర క్షేత్రము. 1860లో నిజాము పాలననుండి ఆంగ్లేయుల పాలనలోనికి వచ్చిన ఈ సీమ, తరువాత చాందా జిల్లాలో చేరి, 1982 ఆగస్టు 26 నుండి గడ్చిరోలి జిల్లాలో భాగమైనది. పాలనలు మారినను తెలుగే ఇంటిభాషగా నిలిచిన కుటుంబములు ఇచ్చట పెక్కు కలవు.

ఈ జిల్లాలోని ఆలాపల్లి, సిరోంచ అడవులు టేకునకు పేరెన్నికగన్నవి. 2023లో అయోధ్య రామమందిరమునకై బల్లార్‌పూరు కలప డిపోనుండి పంపబడినది ఈ ప్రాంతపు టేకే. ఇట్టి కలప దొరకుచోట వడ్రంగము జీవనాధార మగుట సహజము. బాడిస, ఉలి, చిత్రిక, రంపము అను తెలుగు మాటలతోపాటు రంధా, కరవత, గిరమిట్ అను మరాఠీ మాటలును సరిహద్దు పనివానికి పరిచితములు. ఈ పనిముట్ల సరసన నేడు విద్యుత్ యంత్రములు చేరినవి. అందు గోడలోని ప్లగ్గునకు తీగతో తగిలించునవి కొన్ని, బ్యాటరీతో నడచునవి కొన్ని. ఒక్క యంత్రము కొనుటకే అప్పుచేయవలసిన పనివానికి వీనిలో దేనిని ఎన్నుకొనవలెనను ప్రశ్న చిన్నది కాదు.

చరిత్రలో తీగయంత్రమే ముందు వచ్చినది. చేత పట్టుకొను విద్యుత్ బరమాను 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరమున ఫైన్ సంస్థ నిర్మించినది. పిస్తోలువలె పట్టుకొని మీట నొక్కు బరమాకు బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ 1917లో పేటెంటు పొందినది. తీగలేని బరమాను ఆ సంస్థయే 1961లో వెలువరించినది. ఆనాటి నికెల్–కాడ్మియము బ్యాటరీల స్థానమును క్రమముగా లిథియము బ్యాటరీలు ఆక్రమించుటతో, తీగలేని యంత్రములు అంగళ్ళ నిండ వ్యాపించినవి.

రెంటి బలాబలములు తెలియుటకు కొంత లెక్క అవసరము. బ్యాటరీపై 18 వోల్టులు, 5 ఆంపియర్–గంటలు అని వ్రాసియున్నదనుకొందము. ఈ రెండు సంఖ్యలను హెచ్చించినచో 90 వాట్–గంటలు వచ్చును. దానియందు నిలువయున్న శక్తి అంతయే. విద్యుత్ చిత్రిక 600 వాట్ల బలముతో ఎడతెగక పనిచేసినచో 90 వాట్–గంటలు తొమ్మిది నిమిషములలో తీరిపోవును. పని తేలికయైన మరికొంతసేపు వచ్చునుగాని, పిమ్మట బ్యాటరీని మార్చవలసినదే. తీగయంత్రమునకు ఈ పరిమితి లేదు. ప్రవాహమున్నంతసేపు ఉదయమున ఎంత బలముతో నడచునో సాయంకాలమున అంతే బలముతో నడచును.

మరియొక భేదము కలదు. 600 వాట్ల పనికి 230 వోల్టుల తీగయంత్రము సుమారు రెండున్నర ఆంపియర్లు తీసికొనును. అదే పనికి 18 వోల్టుల బ్యాటరీ 33 ఆంపియర్లు ఈయవలెను. తీగలలో పుట్టు వేడి ప్రవాహముయొక్క వర్గమును బట్టి పెరుగును. కావున బరువుపనిలో బ్యాటరీ త్వరగా వేడెక్కును. పెట్టెమీది వోల్టుల సంఖ్యను మాత్రమే చూచి బలమును అంచనా వేయరాదు. వాట్లను, ఆంపియర్–గంటలను కూడ చూడవలెను.

టేకు స్వభావము ఈ భేదమును మరింత స్పష్టపరచును. ఆ కలపలో సిలికా, అనగా ఇసుకజాతి పదార్థము, కలదు. అందువలన రంపపుపళ్ళు, చిత్రిక అలుగులు త్వరగా మొద్దువారును. అలుగు మొద్దువారినకొలది మోటారుపై భారము పెరుగును. ద్వారబంధమునకు దూలములు కోయుట, నాలుగు ముఖములు చిత్రికపట్టుట, కూసములకు బెజ్జములు తొలుచుట గంటలతరబడి సాగు పనులు. తీగయంత్రము ఈ భారమును విరామము లేక మోయును.

ఇక ఎండ. పొరుగుననున్న చంద్రపూరులో మే నెలయందు ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటు దినములు కలవు. లిథియము బ్యాటరీని సుమారు 45 డిగ్రీలకు మించిన వేడిలో చార్జిచేయరాదు. పనిచేసి వేడెక్కిన బ్యాటరీని వెంటనే చార్జరులో పెట్టినను, అది చల్లారువరకు పెక్కు చార్జర్లు ప్రవాహము నీయవు. అధికమైన వేడి బ్యాటరీ ఆయుర్దాయమును కూడ తగ్గించును.

వ్యయవిషయమును విచారింతము. బ్యాటరీ కొన్ని వందల పర్యాయములు చార్జియైన పిమ్మట క్షీణించును, కొత్తది కొనవలెను. ఒక సంస్థ బ్యాటరీ వేరొక సంస్థ యంత్రమునకు సాధారణముగా అమరదు. సామాన్యమైన తీగయంత్రములో అరుగునవి ముఖ్యముగా కార్బన్ బ్రష్షులు. వాని వెల స్వల్పము. స్క్రూలు విప్పి చేతితోనే మార్చుకొనవచ్చును. మరియు అర కిలోకు పైబడిన బ్యాటరీ బరువు చేతికి తప్పును.

తీగయంత్రమునకు లోపములు లేవనుట న్యాయము కాదు. ప్రవాహము నిలిచినచో పనియు నిలుచును. వోల్టేజి పడిపోయినచో మోటారు బలము తగ్గును. అప్పుడు బలవంతముగా నొక్కినచో కాలిపోవు ప్రమాదము కలదు. సన్నని పొడవైన ఎక్స్‌టెన్షన్ తీగ ఈ నష్టమును పెంచును గాన దూరమునకు తగిన మందముగల రాగితీగ వాడవలెను. చుట్టగానున్న తీగను పూర్తిగా విప్పి పరచవలెను. పని ఎల్లప్పుడు తీగకు ఎదురుదిశలో సాగవలెను. తడినేలపై పనిచేయువారికి 30 మిల్లీఆంపియర్ల లీకేజినే పసిగట్టి ప్రవాహమును ఆపు స్విచ్చి ప్రాణరక్షకము. ఈ ఖర్చునకు వెనుదీయుట తగదు.

నిచ్చెనపై నిలిచి మరలు బిగించుట, కరెంటులేని కొత్తయింటిలో తలుపులు అమర్చుట మొదలగు పనులలో బ్యాటరీ బరమాయే మేలు. అవి కొద్దిసేపటి పనులు. తీగ కాలికి అడ్డుపడుట అచ్చట నిజమైన అపాయము. ఖరీదైన నేటి బ్యాటరీయంత్రములు కొన్ని బలమున తీగయంత్రములకు దీటుగా నున్నవి. అయినను దినమంతయు పనికి పెక్కు బ్యాటరీలు కావలెను.

కావున యంత్రమును ఎన్నుకొనుటకు ముందు పనివాడు తన దినమును లెక్కించుకొనవలెను. పాకలో కూర్చుండి కోయుటకు, చిత్రికపట్టుటకు ఎన్ని గంటలు? ఇంటింటికి పోయి బిగించుటకు ఎన్ని గంటలు? మొదటివి అధికమైనచో, టేకుపనిలో సాధారణముగా అవియే అధికము, రంపము, చిత్రిక తీగతో నడచునవిగా కొని, బిగింపునకు ఒక చిన్న బ్యాటరీ బరమాను ఉంచుకొనుట ఉత్తమము. ఈ క్రమమున పెట్టుబడి తగ్గును. అప్పు త్వరగా తీరును.

యంత్రపు పేటికలపై వివరములు తెలుగులో నుండుట అరుదు. వోల్టు, వాట్, ఆంపియర్–గంట అను మూడు మాటల అర్థము సరిహద్దు పనివానికి అతని భాషలో తెలిసినచో, అంగడివాని మాటను అతడే తూచుకొనగలడు.